ఓరుగంటి నిర్మాత గణపతిదేవుడు

మరిపెడనుండి తొఱ్ఱూరు, వర్ధన్నపేటల మీదుగా ఉత్తరమునకు సాగు బాట ఓరుగల్లు చేరును. ఆ బాటను పోవు బాలబాలికలు తప్పక చూడవలసినది అచ్చటి కోట. సామాన్యముగా ఊళ్ళు ఇంటి ప్రక్క ఇల్లు చేరి తమంత తామే పెరుగును. ఓరుగల్లు అట్టిది కాదు. రాజధానిగా నుండవలెనని ముందుగా నిశ్చయించి కట్టిన నగరము. ఆ పనిని నెఱవేర్చి, రాజపీఠము నచ్చటికి మార్చినవాడు కాకతి గణపతిదేవుడు.

అంతకుముందు కాకతీయుల రాజధాని హనుమకొండ. గణపతిదేవుని పెదతండ్రి రుద్రదేవుడు దాని చెంతనే ఓరుగంటికి పునాది వేసెను. అతని తమ్ముడు మహాదేవుడు దేవగిరి యాదవులతో పోరి హతుడయ్యెను; మహాదేవుని కుమారుడైన గణపతి వారికి చిక్కి బందీ యయ్యెను. రాజు లేని రాజ్యమును సేనాని రేచెర్ల రుద్రుడు కాపాడెను. 1199 ప్రాంతమున యాదవరాజు జైతుగి విడిచిపుచ్చగా గణపతి వచ్చి సింహాసన మెక్కెను. పగవారి చెఱలో దినములు గడపినవానికి గోడ విలువ వేఱుగ చెప్పవలెనా?

నగరమునకు నడుమ స్వయంభూదేవుని ఆలయము. దాని నాలుగు దిక్కుల నాలుగు శిలాతోరణములు. ఆలయము నేలమట్టమైనను తోరణములు నేటికిని నిలిచియున్నవి. దిక్కున కొక ద్వారము. ద్వారములనుండి బాటలు ఆలయమువైపునకు సాగును. చుట్టును బండిచక్రమువలె రాతికోట; దానికి 45 బురుజులు; వెలుపల నీటి అగడ్త; ఆవల మట్టికోట. ద్వారము చొచ్చినవాడు తిన్నగా లోనికి పోజాలడు, వంకర తిరుగవలెను. శత్రువుల ఏనుగులు, గుఱ్ఱములు ఒక్క పరుగున లోపల పడకుండుటకే ఈ యేర్పాటు.

గోడలున్నంతనే నగరము బ్రదుకదు. గణపతిదేవుని కాలముననే పాకాల చెరువు త్రవ్వబడెను. ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సరకును రాజులు హరించు వాడుక అప్పు డుండెను. ఆతడు దానిని మాన్పి, న్యాయమైన సుంకము మాత్రమే గ్రహింతునని 1244లో మోటుపల్లి రేవున శాసనము వేయించెను.

ఆతనికి కుమారులు లేరు. వార్ధక్యమున పాండ్యులచేత ముత్తుకూరు యుద్ధమున ఓడి, రాజ్యభారమును కుమార్తె రుద్రమదేవికి విడిచెను. తరువాత ఆ యాదవులే మరల దండెత్తివచ్చి ఓరుగంటిని ముట్టడించిరి, కోట లొంగలేదు. రాతిగోడను ఇంకను ఎత్తు చేయించి, సైనికు లెక్కుటకు లోపలివైపున మెట్లు కట్టించినది రుద్రమయే యందురు. కోట చూడవచ్చిన పిల్లలు ఇప్పుడు ఆ మెట్లపై ఎక్కి దిగుచుందురు.