వేరుశనగకు ముందు కార్వర్

జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అనగానే అందరూ వేరుశనగ దగ్గరే ఆగిపోతారు. పల్లీలతో వందల రకాల వస్తువులు చేసిన నల్లజాతి శాస్త్రవేత్త, అంతే. పీనట్ బటర్ కూడా ఆయనే కనిపెట్టాడంటారు, అది నిజం కాదు. మాకు మాత్రం అంతకుముందు ఆయన చిన్న చిన్న కాలేజీ ఊళ్లలో బతికిన కాలమే ముఖ్యమనిపిస్తుంది.

అమెరికాలోని మిస్సోరీలో, 1864 ప్రాంతంలో, బానిస తల్లికి పుట్టాడు. పసిగుడ్డుగా ఉన్నప్పుడే దుండగులు తల్లినీ బిడ్డనూ ఎత్తుకుపోయారు. బిడ్డ దొరికాడు, తల్లి దొరకలేదు. చిన్నతనంలోనే చదువు కోసం ఇల్లు విడిచి, ఇళ్లలో పనిచేస్తూ, బట్టలు ఉతుకుతూ ఊరూరా తిరిగాడు. కాన్సాస్‌లోని హైలాండ్ కాలేజీ దరఖాస్తు చూసి సీటిచ్చింది. తీరా వెళ్లాక, ఒంటి రంగు చూసి పొమ్మంది. అది 1885.

1890లో అయోవా రాష్ట్రంలో ఇండియనోలా అనే చిన్న ఊరి సింప్సన్ కాలేజీ చేర్చుకుంది. అక్కడ బొమ్మలు వేయడం, పియానో నేర్చుకున్నాడు. తోటి విద్యార్థుల బట్టలు ఉతికి పొట్ట పోసుకున్నాడు. మొక్కల మీద ఆయన ఇష్టం గమనించిన చిత్రకళ టీచరు ఎట్టా బడ్, తన తండ్రి పాఠాలు చెప్పే ఏమ్స్ వ్యవసాయ కాలేజీకి వెళ్లమంది.

1891లో ఏమ్స్ చేరాడు. ఆ కాలేజీలో తొలి నల్లజాతి విద్యార్థి ఆయనే. సీటు దొరికింది గానీ హాస్టల్లో గది దొరకలేదు, ఒక ఆఫీసు గదిలో పడుకున్నాడు. భోజనాల హాల్లో తెల్ల విద్యార్థుల పంక్తిలో చోటు లేదు, కింద నేలమాళిగలో వంటపనివాళ్లతో తినాలి. సంగతి తెలిసి ఇండియనోలా నుంచి లిస్టన్ అనే తెల్లజాతి స్నేహితురాలు వచ్చి, ఆయన పక్కనే కూర్చుని తింది. ఆ తర్వాతే పరిస్థితి కాస్త మెత్తబడింది. దీన్ని ఆమె మంచితనం కథగా చెప్పుకోవడం తేలిక. కానీ ఫీజు కట్టిన విద్యార్థి మాటకు విలువ రావడానికి ఒక తెల్లామె ఎందుకు రావాల్సి వచ్చింది? కాలేజీ ఊళ్లో అద్దెగది కోసం వెళ్తే ముందు ఇంటిపేరు అడిగించుకున్న మన పిల్లలకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

1894లో డిగ్రీ, 1896లో మాస్టర్స్ పూర్తిచేశాడు. మధ్యలో అక్కడే అధ్యాపకుడయ్యాడు. తర్వాత బుకర్ టి. వాషింగ్టన్ పిలుపు మీద అలబామాలోని టస్కీగీ వెళ్లాడు. వర్ణవివక్ష మీద బాహాటంగా పోరాడలేదన్న విమర్శ ఆయన మీద ఉంది, అది కొట్టిపారేయదగ్గది కాదు. టస్కీగీలో పెళ్లికాని అధ్యాపకులు ఇద్దరేసి ఒక్కో గదిలో సర్దుకుంటుంటే, ఈయన రెండు గదులు కావాలన్నాడు: ఒకటి తనకు, ఒకటి మొక్కల నమూనాలకు. తోటివాళ్లకు ఒళ్లు మండింది. మాకైతే ఆ పట్టుదల నచ్చింది.

పత్తి ఒక్కటే వేసి వేసి సత్తువ కోల్పోయిన నేలల్లో, నల్లజాతి కౌలురైతులతో వేరుశనగ, అలసంద వేయించే ప్రయత్నం చేశాడు. 1906లో కాలేజీకి రాలేని రైతుల కోసం విత్తనాలు, పనిముట్లు వేసుకుని కంచరగాడిదల బండి ఒకటి పొలాలకు బయల్దేరింది. 1943 జనవరి 5న పోయేదాకా ఆయన టస్కీగీలోనే ఉన్నాడు. దాచుకున్న డబ్బు పరిశోధనకే రాసిచ్చాడు.