రహీం సాబ్: ఆసియాను గెలిచిన హైదరాబాద్ బడిపంతులు

2024 ఏప్రిల్‌లో ఫుట్‌బాల్‌కు సంబంధించి రెండు సంగతులు జరిగాయి. మొదటిదాని గురించి దేశమంతా మాట్లాడుకుంది. హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం ఆధారంగా తీసిన హిందీ సినిమా ‘మైదాన్’ థియేటర్లలోకి వచ్చింది. రెండోది చాలామంది దృష్టికి రాలేదు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, అబూజ్‌మడ్ కొండల అంచున ఉన్న నారాయణ్‌పూర్‌లో జాతీయ స్థాయి అండర్-20 ఫుట్‌బాల్ పోటీలు మొదలయ్యాయి. రాష్ట్రాల జట్లు వచ్చి రామకృష్ణ మిషన్ ఆశ్రమ మైదానంలో ఆడాయి. బస్తర్ అంటే ఎన్‌కౌంటర్ల వార్తలే చదివే తెలుగు పాఠకుడికి ఇది కొత్త కబురే.

ఈ రెంటికీ మధ్య కనిపించని సంబంధం ఒకటుంది. పేద పిల్లల్లోంచి ఆటగాళ్లను తయారుచేయాలంటే ఏం కావాలి అన్న ప్రశ్నకు డెబ్బై ఏళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక బడిపంతులు జవాబు చెప్పాడు. నోటితో కాదు, జట్టుతో. ఆ జవాబు ఏమిటో తెలియాలంటే ఆయన కథ మొదటినుంచీ చూడాలి.

ఉస్మానియా నుంచి మైదానానికి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి అది నిజాం రాజ్యం. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో బ్రిటిష్ పటాలాలు ఉండటంతో ఫుట్‌బాల్ ఈ ప్రాంతానికి త్వరగానే వచ్చింది. బొల్లారం, అల్వాల్, లాలాగూడ, అమ్ముగూడ లాంటి చోట్ల పిల్లలు సైనికుల ఆట చూసి నేర్చుకున్నారు. ఖరీదైన సరంజామా అక్కర్లేని ఆట కాబట్టి బస్తీల్లోకి తేలిగ్గా పాకింది.

రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బీఏ చదివారు. విశ్వవిద్యాలయం జట్టులో ఆడారు. తర్వాత స్థానిక లీగ్‌లో కమర్ క్లబ్ తరఫున ఆడారు. మంచి ఆటగాడే గానీ, దేశం గుర్తుపెట్టుకునేంత పేరు ఆటగాడిగా రాలేదు. చదువు అయ్యాక ఉపాధ్యాయుడయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి చోట్ల పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, పిల్లలకు ఆటలు నేర్పే పని చేపట్టారు.

ఈ బడి అనుభవమే ఆయన్ను మిగతా కోచ్‌ల నుంచి వేరు చేసింది. ఆ రోజుల్లో మన దేశంలో కోచ్ అంటే ఎక్కువగా పాత ఆటగాడో, క్లబ్ పెద్దమనిషో. జట్టును ఎంపిక చేసి, ధైర్యం చెప్పి మైదానంలోకి పంపేవారు. రహీం మాత్రం ఆటను పాఠంగా చూశారు. పాఠానికి ఒక క్రమం ఉంటుంది, అభ్యాసం ఉంటుంది, వెనకబడిన పిల్లవాణ్ణి ముందుకు తెచ్చే పద్ధతి ఉంటుంది. 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యత ఆయనదే. ఆ పదవిని అలంకారంగా ఉంచుకోకుండా, స్థానిక పోటీల తీరునే మార్చేశారు.

డ్రిబ్లింగ్ చేయకూడదన్న నిబంధనతో టోర్నమెంట్లు పెట్టారు. బంతి అందగానే మరొకరికి ఇవ్వాల్సిందే. ఎడం కాలు బలహీనమైతే ఎడం కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టారు. పిల్లల పోటీల్లో ఎత్తుకు పరిమితి విధించారు. చూసేవాళ్లకు ఇవి వింతగా అనిపించి ఉంటాయి. కానీ ప్రతి నిబంధన వెనుకా ఒక లోపాన్ని సరిదిద్దే ఆలోచన ఉంది. భారతీయ ఆటగాడు బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకుంటాడు. ఒక్క కాలినే నమ్ముకుంటాడు. పొట్టి పిల్లవాడు పొడుగువాళ్ల మధ్య నలిగిపోతాడు. ఉపన్యాసాలతో పోని ఈ అలవాట్లను ఆయన ఆట నియమాలతోనే పోగొట్టాలని చూశారు.

పోలీసు జట్టు ప్రాభవం

1950లో రహీం చేతికి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వచ్చింది. పోలీసు శాఖ ఆటగాళ్లకు ఉద్యోగం ఇచ్చేది. నెల జీతం వచ్చే కుర్రాడు తిండి గురించి బెంగ పడకుండా పొద్దున్నే మైదానానికి వస్తాడు. రహీం విజయాల వెనుక ఈ చిన్న ఆర్థిక సత్యం ఉంది. దీన్ని తరచూ మరచిపోతాం.

1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను సిటీ పోలీస్ గెలిచింది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్‌ను కూడా పలుమార్లు అందుకుంది. కలకత్తా క్లబ్‌లదే రాజ్యంగా సాగిన భారత ఫుట్‌బాల్‌లో దక్కను నుంచి వచ్చిన ఈ పోలీసులు కలకలం రేపారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి పేర్లు జాతీయ జట్టులో స్థిరపడ్డాయి. 1956-57, 1957-58 సంవత్సరాల్లో హైదరాబాద్ వరుసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది.

ఆ రోజుల్లో రహీం కంటపడిన కుర్రాళ్లలో అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం ఒకరు. ఇల్లు పేదది. శిక్షణకు అంత దూరం రోజూ ఎలా రావాలో ఆ కుర్రాడికి తెలియలేదు. అద్దె సైకిలు తీసుకోవడానికి రహీం డబ్బులిచ్చారు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. బలరాం 2023 ఫిబ్రవరిలో కన్నుమూసేదాకా రహీం సాబ్ పేరును భక్తిగా తలచుకుంటూనే ఉన్నారు.

ఓటమి నేర్పిన పాఠం

జాతీయ జట్టు శిక్షకుడిగా రహీం మొదటి పెద్ద విజయం 1951లో వచ్చింది. ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో మేవాలాల్ గోల్‌తో భారత్ 1-0 తేడాతో ఇరాన్‌ను ఓడించింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో నేల మీదికి రావాల్సి వచ్చింది. యుగోస్లావియా చేతిలో భారత్ 10-1 తేడాతో చిత్తుగా ఓడింది. మన ఆటగాళ్లలో చాలామంది అప్పటికీ బూట్లు లేకుండానే ఆడుతున్నారు. చలికి, తడి గడ్డికి ఆ కాళ్లు తట్టుకోలేకపోయాయి. ఆ తర్వాతే భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది.

ఆ ఓటమిని రహీం దురదృష్టం అనుకుని వదిలేయలేదు. 1953లో హంగేరీ జట్టు వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించిన తీరు ప్రపంచమంతా గమనించింది. సెంటర్ ఫార్వర్డ్ వెనక్కి జరిగి ఆడటం, స్థానాలు మార్చుకుంటూ ప్రత్యర్థి డిఫెన్స్‌ను గందరగోళపరచడం ఆ జట్టు ప్రత్యేకత. రహీం కూడా అదే దిశలో ఆలోచించి, మూస పద్ధతుల నుంచి భారత జట్టును బయటికి తెచ్చారు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్ గెలిచి 4-2-4 వ్యూహానికి పేరు తేకముందే ఆయన ఆ బాటలో నడిచారని ఫుట్‌బాల్ చరిత్రకారులు రాశారు.

ఫలితం 1956 మెల్‌బోర్న్‌లో కనిపించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా దేశం సెమీస్‌కు వెళ్లడం అదే మొదటిసారి. సెమీస్‌లో ఎదురైంది మళ్లీ యుగోస్లావియానే. ముందు గోల్ కొట్టింది భారతే. చివరకు 4-1తో ఓడింది. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా గెలిచింది. నాలుగో స్థానంతో తిరిగొచ్చినా, నాలుగేళ్ల కిందట పది గోల్స్ తిన్న దేశం అంతదూరం వెళ్లడం మాటలు కాదు. 1960లో రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకుంది. మన దేశం ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆడటం అదే ఆఖరు.

జకార్తా, 1962

1962 ఆసియా క్రీడలకు జకార్తా వెళ్లేనాటికి రహీం ఆరోగ్యం బాగా దెబ్బతింది. దగ్గు వదిలేది కాదు. అది ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆ స్థితిలోనే జట్టును తయారుచేశారు.

మొదటి మ్యాచ్‌లోనే దెబ్బ తగిలింది. దక్షిణ కొరియా 2-0తో గెలిచింది. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించి భారత్ నిలదొక్కుకుంది. అయితే థాయిలాండ్ మ్యాచ్‌లో డిఫెన్స్‌కు మూలస్తంభం లాంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి.

మైదానం బయట ఇంకో సెగ రగులుతోంది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా ప్రవేశం ఇవ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని పిలవకూడదని భారత క్రీడా ప్రముఖుడు గురుదత్ సోంధీ వాదించారు. దాంతో జకార్తా జనం భారత్ మీద మండిపడ్డారు. భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. మన ఆటగాళ్లు బస్సులో తలలు దించుకుని ప్రయాణించాల్సి వచ్చింది. తలపాగాతో ఇట్టే గుర్తుపడతారని జర్నైల్ సింగ్ సీటు కింద కూర్చునేవాడని సహచరులు తర్వాతి కాలంలో చెప్పుకున్నారు.

సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద రహీం ఒక సాహసం చేశారు. తల కుట్లతో డిఫెన్స్‌లో ఆడటం కష్టమైన జర్నైల్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. ఆ బలిష్ఠుడు ప్రత్యర్థి రక్షకులను చెల్లాచెదురు చేశాడు, ఒక గోల్ కూడా కొట్టాడు. కెప్టెన్ చునీ గోస్వామి రెండు గోల్స్ చేశాడు. భారత్ 3-2తో గట్టెక్కింది.

ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియా. ముందురోజు రాత్రి ఆటగాళ్లకు నిద్ర పట్టలేదు. బయటికి నడవడానికి వెళితే అక్కడ రహీం సాబ్ కూడా మేలుకుని ఉన్నారు. రేపు స్వర్ణం గెలిచి తనకు కానుకగా ఇమ్మని ఆయన అడిగారని ఆటగాళ్లు దశాబ్దాల తర్వాత కూడా గుర్తుచేసుకున్నారు. ఆయన ఎందుకలా అడిగారో వాళ్లలో చాలామందికి ఆనాడు పూర్తిగా తెలియదు.

సెప్టెంబర్ 4. సెనయన్ స్టేడియంలో దాదాపు లక్ష మంది. భారత జాతీయ గీతం వినిపించకుండా కేకలు. అనారోగ్యంతో సెమీస్‌కు దూరమైన పొడగరి గోల్ కీపర్ పీటర్ తంగరాజ్‌ను రహీం తిరిగి గోల్ ముందు నిలిపారు. జర్నైల్‌ను ముందే ఉంచారు. 17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్ కొట్టాడు. మూడు నిమిషాలకే జర్నైల్ రెండోది కొట్టాడు. ఆట ముగిసే వేళకు కొరియా ఒకటి తిరిగి చేసినా, భారత్ 2-1తో గెలిచింది. ఆ స్టేడియంలో మన జట్టు కోసం అరిచిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారు.

కానుక అందింది. తిరిగొచ్చాక రహీం మంచం పట్టారు. 1963 జూన్ 11న, 54 ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు.

ఆ తర్వాత

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు. 1970లో వచ్చిన కాంస్యమే ఆఖరి పతకం. రహీంకు బతికుండగా పెద్ద జాతీయ పురస్కారమేదీ దక్కలేదు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది ఆయన పోయిన 22 ఏళ్ల తర్వాత, 1985లో. ఆయన కొడుకు ఎస్.ఎస్. హకీం కూడా రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడే. తండ్రి జ్ఞాపకాన్ని చాలాకాలం మోసి 2021లో ఆయనా వెళ్లిపోయారు. సినిమా వచ్చేదాకా సొంత నగరంలోనే రహీం పేరు చాలామందికి తెలియదు.

ఒక్క మనిషి పోగానే ఇంత పెద్ద కట్టడం ఎందుకు కూలింది? రహీం మేధావి కాబట్టి అనడం తేలిక. కానీ ఆయన విజయం మేధ ఒక్కదాని వల్ల రాలేదు. బడిలో ఆటల మాస్టారు, బస్తీలో మైదానం, ఏడాది పొడవునా స్థానిక పోటీలు, ఆటగాడికి నెల జీతమిచ్చే ఉద్యోగం. ఈ నాలుగూ ఉన్నందువల్లే ఆయన పద్ధతి పనిచేసింది. ఆ ఆసరాలు ఒక్కొక్కటే సడలుతూ వచ్చాక హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో మిగిలింది జ్ఞాపకమే.

బస్తర్ దగ్గర ఈ ప్రశ్న మళ్లీ లేస్తుంది. నారాయణ్‌పూర్‌లో రామకృష్ణ మిషన్ 1985 నుంచి ఆదివాసీ పిల్లలకు చదువు చెబుతోంది. జాతీయ పోటీలు జరిగిన ఆ మైదానం రాత్రికి రాత్రి మొలిచింది కాదు. దాని వెనుక దాదాపు నలభై ఏళ్ల ఓపిక ఉంది. 2024 చివర్లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బస్తర్ ఒలింపిక్స్ పేరుతో ఫుట్‌బాల్ సహా అనేక ఆటల పోటీలు పెట్టింది. లొంగిపోయిన మాజీ మావోయిస్టులూ వాటిలో ఆడారు. ముగింపు సభకు కేంద్ర హోంమంత్రి వచ్చారు.

సభలు, పతకాలు మంచివే. అయితే పోటీ ముగిసి జెండాలు దించాక, సుక్మాలోనో బీజాపూర్‌లోనో ఉన్న ఊళ్లో కుర్రాడు మరుసటి వారం ఎక్కడ ఆడతాడు? అతనికి ఎడం కాలితో బంతి కొట్టడం నేర్పేదెవరు? ఇరవై ఏళ్లు వచ్చాక ఆట అతనికి అన్నం పెడుతుందా? ఒక కుర్రాడు మైదానానికి రాలేకపోవడానికి కారణం సైకిలు అద్దె అని రహీం కనిపెట్టారు. జకార్తా స్వర్ణానికి దారి అక్కడినుంచే మొదలైంది. బస్తర్‌లో ఆ అద్దె లెక్క చూసే మాస్టారు ఊరికొకరు ఉన్నారా అన్నదే ఇప్పుడు తేలాల్సిన విషయం.