దత్తమండలముల మన్రో దొరగారు

గురువుల జీవితములు, సంఘముల చరిత్రలు అచ్చువేయుచున్న ఈ శతాబ్ది సంచికలో ఒక సైనికోద్యోగి కథ ఎందుకని సంఘస్థులు అడుగవచ్చును. సర్ థామస్ మన్రో మిషనరీ కారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములను ఆయన ఏనాడును పాలింపలేదు. అవి నిజాము రాజ్యములోనివి. అయినను తుంగభద్ర దాటి కర్నూలు, ఆదోని, గుత్తి వైపు పోయిన మన పెద్దలు ఆ సీమలో మన్రో దొర పేరు విని వచ్చి మాకు చెప్పెడివారు. నదికి ఇవతల నున్న మనము ఆయనను గూర్చి తెలిసికొనుట మంచిదే.

ముందుగా ఒక మాట. తిరువాన్కూరులో రెసిడెంటుగా నుండి అక్కడి సిరియను క్రైస్తవులకు సాయపడిన జాన్ మన్రో వేరు, ఈయన వేరు. మనలో కొందరు ఇద్దరిని ఒకరిగా తలచుచున్నారు.

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో పట్టణములో జన్మించిరి. తండ్రి అలెగ్జాండరు అమెరికాలోని వర్జీనియాతో వర్తకము చేయువారు. అమెరికా యుద్ధముతో ఆ వ్యాపారము కూలి కుటుంబము చితికిపోయినది. గ్లాస్గో విశ్వవిద్యాలయములో చదివిన కుమారుడు కంపెనీ పటాలములో కేడెట్టుగా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగిరి. చిన్న జీతములోనుండియే తలిదండ్రులకు పైకము పంపుచు వచ్చిరి. ఆ యేడే హైదరాలీ కర్ణాటకముపై దండెత్తెను. 1784 వరకు ఆయన జీవితమంతయు యుద్ధభూములలోనే గడచినది. తరువాత పారశీకము, హిందూస్థానీ శ్రద్ధగా నేర్చుకొనిరి. 1792లో టిప్పు సుల్తాను వదలుకొనిన బారామహలు సీమలో, కెప్టెన్ రీడ్ క్రింద శిస్తు వసూలు పనికి నియమింపబడిరి. జమీందారుతో గాక రైతుతోనే సర్కారు నేరుగా లెక్క చూచుకొను రైత్వారీ పద్ధతి అక్కడనే రూపు దిద్దుకొన్నది. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిదప కొంతకాలము కన్నడ సీమలో పనిచేసిరి.

1800 అక్టోబరులో నిజాము నవాబు, తన రాజ్యములోని ఇంగ్లీషు సైన్యపు ఖర్చు క్రింద, కృష్ణా తుంగభద్రలకు దక్షిణముననున్న బళ్ళారి, అనంతపురము, కడప సీమలను కంపెనీకి ఇచ్చివేసెను. ఇచ్చివేసినవి గనుక దత్తమండలములు అనిరి. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అను పేరు పెట్టు వరకు ఆ పేరే నిలిచినది. ఆ సీమకు మన్రో గారు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు. అప్పటికి అక్కడ సుమారు 80 మంది పాలెగాళ్లు, వారి కోటలు, వారి బంట్లు. మన్రో గారు వారి బలమును అణచివేసి, కొందరిని వెడలగొట్టి, కొందరికి భరణములిచ్చిరి. ఆ కాఠిన్యమును లండనులోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టిరి. ఊళ్లలో దోపిళ్లు తగ్గిన మాట నిజమే గాని, ఆయన చేసినదంతయు న్యాయమని మేము చెప్పజాలము.

ఏడేండ్లు ఆయన కాపురము ఎక్కువగా గుడారములలోనే. ఊరూర దిగి, కరణమును, రెడ్డిని, రైతులను ఎదుట కూర్చుండబెట్టుకొని జమాబందీ జరిపెడివారు. పొలము పొలము గొలుసుతో కొలిపించి, నేలకు తరములు కట్టించి, పొలమున కింత అని శిస్తు నిర్ణయించిరి. ఏడేండ్లలో సర్కారు రాబడి సుమారు సగము పెరిగినది. మద్రాసులోని పైవారు సంతోషించిరి.

అయితే ఆ పద్దును అందరికంటె ముందు శంకించినవారు మన్రో గారే. తాను కట్టిన శిస్తు పంటలో నూటికి 45 వంతుల వరకు పోవుచున్నదని లెక్క వేసికొని, అది మూడవ వంతుకు దిగవలెనని 1807లో ప్రభుత్వమునకు వ్రాసిరి. అన్ని భూములపై నూటికి 25, బావుల క్రింది భూములపై 33 తగ్గింపుమని అడిగిరి. శిస్తు తేలికైననే భూమికి వెల వచ్చునని, అది రైతు సొత్తగునని ఆయన వాదము. పైవారు వినలేదు. ఆయన ఇంగ్లండు వెళ్లిన తరువాత ఊళ్లను గుత్తలకిచ్చిరి. మొదట మూడేండ్లకు, పిదప పదేండ్లకు. గుత్తదారులు చెడిరి, రైతులు మరింత చెడిరి.

1814లో ఆయన జేన్ కాంబెల్ గారిని వివాహమాడి, న్యాయస్థానముల సంస్కరణకు మరల వచ్చిరి. 1817-18 మరాఠా యుద్ధములో కొద్దిపాటి సైన్యముతో బాదామి, బెల్గాము, షోలాపూరు కోటలు పట్టిరి. 1820 జూనులో మద్రాసు గవర్నరయిరి. 13 ఏండ్ల క్రిందట నిరాకరింపబడిన తగ్గింపు అప్పుడు ఆయన చేతి మీదుగానే దత్తమండలములకు దక్కినది. అయినను కరవు సీమలో ఆ శిస్తు కూడ బరువే. రైత్వారీలో రైతులు షావుకారు వాకిట నిలిచిన కథ వేరే యున్నది.

1822లో రాజధాని అంతట ఎన్ని వీధిబడులున్నవో లెక్క తీయించిరి. 1826కు తేలినది 12,498 బడులు, 1,28,50,941 జనాభా. అనగా వేయిమందికి ఇంచుమించు ఒక బడి. జిల్లాకు రెండు పెద్ద పాఠశాలలు, తాలూకాకు ఒకటి పెట్టవలెనని వ్రాసిరి.

ఆ 1822లోనే ఒక సబ్ కలెక్టరు తన హోదాతో క్రైస్తవ మత ప్రచారమునకు పూనుకొనగా, గవర్నరు అది తగదని గట్టిగా వ్రాసిరి. మిషనరీల పని మిషనరీలు చేయవలెను గాని శిస్తు వసూలు చేయు చేయి దానిలో దూరరాదని ఆయన అభిప్రాయము. ఆనాటి మతాభిమానులకు ఇది రుచించి యుండదు. మాకు మాత్రము ఆయన మాటే సరియని తోచుచున్నది. కచేరీకి భయపడి తల వంచినవాని విశ్వాసముతో సంఘము ఎట్లు నిలుచును? 1810 నుండి బళ్ళారిలో, 1822 నుండి కడపలో లండను మిషను వారు కచేరీ అండ లేకయే పని సాగించిరి గదా.

బర్మా యుద్ధము వలన ఆయన విరమణ వాయిదా పడుచు వచ్చినది. 1826లో చిన్న కుమారుని అనారోగ్యము వలన భార్య ఓడయెక్కి స్వదేశము వెళ్లిరి. మరుసటి యేట తానును వెళ్లవలసినవారే. వెళ్లుటకు ముందు దత్తమండలములను ఒకసారి చూచి రావలెనని మే నెలాఖరున బయలుదేరిరి. దారిలో పరివారమునకు కలరా సోకినది. 1827 జూలై 6న పత్తికొండ మజిలీలో ఆయనకును తగిలి, ఆ రాత్రియే ప్రభువునందు నిద్రించిరి. వయస్సు 66. దేహమును గుత్తిలో పాతిపెట్టిరి.

ఆయనకు గండి కొండల నడుమ బంగారు తోరణము కనబడినదని, అది మరణ సూచన అని కడప వైపు చెప్పుకొందురు. మంత్రాలయములో రాఘవేంద్రస్వామి ఆయనతో మాటలాడెనని మఠమువారందురు. ఈ కథలను మేము నమ్మవలెనని లేదు, నవ్వవలెనని అంతకంటె లేదు. మరి యే కలెక్టరును గూర్చి జనులు ఇట్టి కథలు అల్లుకొనిరి? అనంతపురము వైపు పిల్లలకు మన్రోలప్ప అని పేరు కూడ పెట్టుకొనిరి.

పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థము బావి త్రవ్వించి తోపు వేయించిరి; గుత్తిలో సత్రము కట్టించిరి. మద్రాసులో 1839లో నిలిపిన గుఱ్ఱపు విగ్రహమును మనవారు చాలామంది చూచియే యుందురు. 1831లో గుత్తి నుండి తీసికొనిపోయిన అస్థికలు మాత్రము అక్కడికి దగ్గరలోనే, కోటలోపలి సెయింట్ మేరీ దేవాలయములో నున్నవి.