ఒంటివేలు జేమ్స్

మా కాలేజీ బ్యాండులో నేను బేస్ గిటార్ వాయిస్తాను. ఆ మాట చెప్పగానే అందరూ అడిగేది ఒకటే: గిటారుకి ఆరు తీగలుంటాయి కదా, నీ దానికి నాలుగే ఉన్నాయేంటని. మా మీద జోకులు బోలెడు. డ్రమ్స్ ఆగితే పారిపోవాలట, ఎందుకంటే ఆ తర్వాత వచ్చేది బేస్ సోలో! పడీపడీ అలవాటైపోయింది. అందుకే బేస్ వాళ్ళు నలుగురు కలిస్తే చాలు, మా గొప్పలు మేమే చెప్పుకుంటాం. వాటిలో సగం ఒక్క మనిషి మీదే. ఆయన జేమ్స్ జేమర్సన్.

పుట్టింది 1936లో, అమెరికాలోని సౌత్ కరోలినాలో. చిన్నప్పుడు ఒక పుల్లకి రబ్బరు బ్యాండు కట్టి, చీమలపుట్టలో గుచ్చి మీటితే చీమలన్నీ డాన్సు చేసేవట. ఈ కథ పుట్టించింది స్వయంగా ఆయనే. నమ్మాలో వద్దో మీ ఇష్టం!

1954లో డెట్రాయిట్ చేరాడు. హైస్కూల్లో నిలువెత్తు డబుల్ బేస్ పట్టాడు. తర్వాత మోటౌన్ రికార్డు కంపెనీలో కుదిరాడు. అందరూ రెండు వేళ్ళతో వాయిస్తుంటే, ఈయన కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే కానిచ్చేవాడు. తోటివాళ్ళు ఆ వేలికి కొక్కెం అని పేరు పెట్టారు. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదట, మురికి పోతే మజా పోతుందని ఆయన సిద్ధాంతం. నా పాత తీగలకి నేను చెప్పే సాకు కూడా ఇదే. అసలు కారణం కొత్త సెట్టు ధర.

ఇంకో కథ వినండి. ‘వాట్స్ గోయింగ్ ఆన్’ పాట రికార్డింగుకి మార్విన్ గే ఆయన్ని ఏదో బార్‌లోంచి లాక్కొచ్చాడట. కుర్చీలో కూర్చునే ఓపిక లేక, నేలమీద వెల్లకిలా పడుకునే వాయించేశాడట. ఇది విని మా హాస్టల్ గదిలో నేనూ పడుకుని ప్రయత్నించా. మెడ పట్టేసింది అంతే.

నవ్వు ఆగేది ఇక్కడే. ప్రపంచమంతా ఆ పాటలు పాడుకుంటున్నా, ఏళ్ళ తరబడి రికార్డు అట్టల మీద ఆయన పేరే లేదు. 1971లో ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బమ్ మీద గానీ పడలేదు. 1972లో కంపెనీ లాస్ ఏంజెలిస్‌కి మకాం మార్చింది. ఆయనా వెనకే వెళ్ళాడు గానీ అక్కడ నిలదొక్కుకోలేకపోయాడు. తాగుడు ముదిరింది. 1983లో కంపెనీ పాతికేళ్ళ పండగ చేసుకుంటే, స్టేజీ మీద ఉండాల్సిన మనిషి టికెట్టు కొనుక్కుని ప్రేక్షకుల్లో కూర్చున్నాడు. ఆ ఆగస్టులోనే పోయాడు. వయసు 47. అంతకు కొద్దిరోజుల ముందే ఆయన బేస్‌ని ఎవరో దొంగిలించారు. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, పదిహేడేళ్ళు ఆలస్యంగా.

పోయినేడు ఫెస్ట్ వీడియో కింద పాడినవాళ్ళ పేర్లే వేశాం. నేనూ ఏమీ అనలేదు. ఈసారి మైకు వైర్లు చుట్టిన జూనియర్ పేరు కూడా వేయిస్తా.

ఈ రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ‘మై గర్ల్’ పెట్టండి. అందరికంటే ముందు వినిపించేది ఆయనే.