పోలో ఆడుతూ కుప్పకూలిన మహారాజు.. ఆ తర్వాత గాయత్రీదేవి జీవితం ఎలా మారిందంటే..

జైపూర్ మహారాణి గాయత్రీదేవి అనగానే అందరికీ ఆమె అందమే గుర్తొస్తుంది. కానీ ఆమె పడిన కష్టాలు చాలామందికి తెలీదు.

కూచ్‌బెహార్ రాకుమారి అయిన గాయత్రీదేవి 12 ఏళ్ల వయసులోనే జైపూర్ మహారాజు సవాయ్ మాన్‌సింగ్‌ను కలకత్తాలో చూశారు. అప్పటికే ఆయన పోలోలో పెద్ద స్టార్. 1933లో ఆయన జట్టు ఇంగ్లండ్ వెళ్లి ప్రధాన కప్పులన్నీ ఎగరేసుకొచ్చింది. అప్పటికే ఇద్దరు భార్యలున్నా, ఇంట్లోవాళ్లు వద్దన్నా వినకుండా 1940లో ఆయన్నే పెళ్లాడారు.

పోలో అంటే మామూలు ఆట కాదు. దౌడు తీసే గుర్రాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ వెళ్తాయి, పట్టు తప్పితే అంతే. అయినా వయసు పెరిగినా మాన్‌సింగ్ ఆడటం ఆపలేదు. 1970 జూన్ 24న ఇంగ్లండ్‌లోని సైరెన్‌సెస్టర్‌లో మ్యాచ్ జరుగుతుండగానే కుప్పకూలారు. మళ్లీ లేవలేదు. 30 ఏళ్ల కాపురం అక్కడితో ముగిసింది.

అప్పటికి ఆమె ఎంపీ. మన ఆచార్య రంగా అధ్యక్షుడిగా మొదలైన స్వతంత్ర పార్టీ తరఫున 1962లో రికార్డు మెజారిటీతో గెలిచారు. భర్త పోయిన మరుసటి ఏడాదే మళ్లీ బరిలోకి దిగి మూడోసారీ నెగ్గారు. అదే ఏడాది రాజభరణాలు రద్దయ్యాయి. 1975 ఎమర్జెన్సీలో తీహార్ జైలుకు! నెలల తరబడి అక్కడే ఉన్నారు. 1997లో ఒక్కగానొక్క కొడుకు జగత్‌సింగ్ కూడా చనిపోయారు. 2009 జూలై 29న జైపూర్‌లో, 90 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు. భర్త లేకుండా గడిపింది 39 ఏళ్లు.