మహారాజకుమార విజయానంద గజపతిరాజుగారు

ధనముచేత కొనదగిన వేవి, కొనరాని వేవి అను ప్రశ్న మిక్కిలి పాతది. పెద్దలు నీతిగ్రంథములయందును, బోధకులు పరిశుద్ధ గ్రంథమునందును దానికి సమాధానము చూపుచుందురు. ఆటస్థలముకూడ అట్టి సమాధానము నొసగగలదని మేమీ చిన్న చరిత్రమువలన చూపదలచితిమి. తెలుగుదేశమున విజయనగర రాజకుటుంబమందు పుట్టి, స్వంతధనముతో ఒక క్రికెట్టు జట్టును పోషించి, లోకప్రసిద్ధులగు ఆటగాండ్రను పిలిపించి, తుదకు భారతదేశపు జట్టునకే నాయకులైన శ్రీ పూసపాటి విజయానంద గజపతిరాజుగారి జీవితమిది. క్రికెట్టు ఆడువారు వారిని విజ్జీ యని పిలుచుట వాడుక.

వారి చరిత్రమునకు ముందు, ఒక జట్టు ఏ సొమ్ముతో బ్రతుకునో విద్యార్థులు గ్రహింపవలెను. ఆటనే జీవనముగా గైకొన్నవానికి జీతమీయవలెను. ప్రయాణము, బస, భోజనము, దుస్తులు, మైదానపు పోషణ, వీనికన్నింటికి ఖర్చు కలదు. ఈ ఖర్చునకు ముఖ్యముగా రెండు మార్గములు. మొదటిది చూడవచ్చినవారి టిక్కెట్టు సొమ్ము. రెండవది పోషకుని పెట్టె.

మొదటి మార్గమునకు ఇంగ్లండులోని ఫుట్‌బాలు మంచి నిదర్శనము. అచ్చట జీతముపై ఫుట్‌బాలు ఆడుటకు 1885 వ సంవత్సరమున అనుమతి లభించెను. కాని జీతములు వారమువారము చెల్లింపవలసినవి. పందెములో, ఎదుటి జట్టు వచ్చిన జరుగును, రాకున్న ఆగిపోవును. పందెము ఆగిన దినమున గేటువద్ద పైసా రాదు. బర్మింగుహాము పట్టణమున ఆస్టన్ విల్లా జట్టు వ్యవహారములు చూచుచుండిన విలియం మెగ్రెగర్ అను వస్త్రవర్తకుడు ఈ చిక్కును చక్కగా కనిపెట్టెను. ఆయన ప్రేరణచే 1888 లో 12 జట్లు ఒక లీగుగా ఏర్పడి, ఎవరితో ఎవరు ఏ దినమున ఆడవలెనో ముందుగనే పట్టీ వేసికొని, దానికి కట్టుబడియుండిరి. పందెములు నిశ్చయమైనందున రాబడియు కొంత నిశ్చయమయ్యెను. 1901 లో జీతములకు వారమునకు 4 పౌనులని పరిమితికూడ విధించిరి. ఇట్లు జట్టు ఒక వర్తకశాలవంటిదయ్యెను. ఆ వర్తకశాలలో ఎంత పెద్ద వాటా కలవాడైనను, ఆ వాటాను చూపి తానే బంతి తన్నుదునని మైదానమునకు దిగువాడు కాడు.

మనదేశమున క్రికెట్టు చాలకాలము రెండవ మార్గముననే నడచెను. రాజులు, నవాబులు, జమీందారులు జట్లను పెట్టి, ఆటగాండ్రకు తమ కొలువులలో ఉద్యోగములిచ్చి పోషించుచుండిరి. ఇందు రాబడి లెక్క లేదు. పోషకునకు వచ్చు లాభము పేరే. అట్టి పోషకులలో విజ్జీగారు ముఖ్యులు.

వీరు 1905 వ సంవత్సరము డిసెంబరు 28 వ తేదీన జన్మించిరి. విజయనగర ప్రభువగు శ్రీ విజయరామ గజపతిరాజుగారికి ద్వితీయ కుమారులు. రాజ్యము జ్యేష్ఠునకు చెందును గనుక వీరు మహారాజకుమారులుగనే యుండిరి. అజమీరులోని మేయో కళాశాలయందును, పిదప ఇంగ్లండునందును చదివిరి. టెన్నిసునందును వేటయందును నేర్పు కలవారు. తండ్రిగారు 1922 లో గతింపగా, అన్నగారు ప్రభుత్వమునకు వచ్చిరి. వీరు కాశీలోని కుటుంబపు ఆస్తులకు తరలిపోయిరి. ఏలుటకు రాజ్యములేని రాజకుమారుడు ఏలదగిన దేదియని వెదకి, క్రికెట్టును ఎన్నుకొనెనని మాకు తోచుచున్నది.

1926 లో వారు స్వంత జట్టును కూర్చి, ప్రాసాదపు ఆవరణలోనే మైదానమును నిర్మింపజేసిరి. 1930 లో ఇంగ్లండునుండి రావలసిన జట్టు, శాసనోల్లంఘనోద్యమముచే దేశము కలతపడియుండుటవలన రాక మానెను. ఇతరులు నిరాశపడియుండగా విజ్జీగారు ఆ సందును అవకాశముగా చేసికొనిరి. జాక్ హాబ్సుగారిని, హెర్బర్టు సట్‌క్లిఫుగారిని, అనగా ఆనాటి ఇంగ్లండు జట్టున మొదట బ్యాటు పట్టు జంటను, తమ ఖర్చుపై రప్పించి, భారతదేశమందును సింహళమందును తమ జట్టుతో ఆడించిరి. హాబ్సుగారు అంతకుముందు ఇట్టి ఆహ్వానములను పలుమారులు నిరాకరించినవారు. ఆ పర్యటనమున ఆయన కొట్టిన రెండు శతకములను లెక్కలో చేర్చవలెనా వలదా యని నేటికిని లెక్కలవారు వాదించుకొనుచున్నారు. చేర్చినవారికి ఆయన శతకములు 199, చేర్చనివారికి 197.

మన పాఠశాలవారు తప్పక తెలిసికొనదగిన విషయమొకటి ఇందు కలదు. హాబ్సుగారు భక్తిగల క్రైస్తవులు. మనదేశమున ఆదివారము పందెము లాడుట పరిపాటియైనను, ఆయన ప్రభుదినమున బ్యాటు పట్టలేదు. ఆయన జీతము పుచ్చుకొను ఆటగాడు, పిలిపించినవాడో రాజకుమారుడు. అయినను సొమ్మిచ్చినవానికి ఆరు దినములు మాత్రమే లభించెను. ఏడవది విక్రయమునకు పెట్టబడలేదు. ధనము కొనలేని వస్తువును విజ్జీగారు మొదటిసారి ఇచ్చటనే చూచియుందురు.

వారి ధనము వ్యర్థముగా పోయినదని చెప్పరాదు. ఇందూరునందలి ముస్తాక్ అలీ యను బాలుడు ఉన్నత పాఠశాలలో చదువుచుండగనే, వానియందలి ప్రతిభను గుర్తించి, కాశీకి రప్పించి శిక్షణ మిప్పించిరి. వెస్టిండీసు దీవుల ప్రఖ్యాత ఆటగాడు లియరీ కాన్‌స్టంటైనుగారినికూడ మనదేశమునకు పిలిపించిరి. మేటి ఆటగాండ్ర ఆటను చూచు భాగ్యము మన బాలురకు కలిగెను. తలాంతుల ఉపమానమును ఎరిగిన మనము, ఇంతవరకు ఈయనను మంచి గృహనిర్వాహకుడనియే చెప్పవలెను.

ఇక లెక్కలో రెండవ పుట కలదు. పేరు వచ్చినకొలది పదవిపై కోరిక పెరిగెను. 1934 లో దేశీయ పందెములకై వీరు రాజప్రతినిధి విల్లింగ్డను ప్రభువు పేర బంగారు కప్పు నీయజూచిరి. పటియాలా మహారాజుగారు రంజిత్‌సింహజీ పేర నిచ్చిన కప్పే నిలిచెను. కప్పుల పోటీ యట్లుండగా, వీరి దృష్టి భారతజట్టు నాయకత్వముపై నిలిచెను.

ఈ యాశను మనము ఒక్కసారిగా నిందింపరాదు. ఆ కాలపు ఆచారమే అట్టిది. ఇంగ్లండునందుకూడ జీతము పుచ్చుకొను ఆటగాడు వేరు, వేడుకకై ఆడు పెద్దమనిషి వేరు అని భేదము పాటించుచుండిరి. హాబ్సుగారివంటి మేటియే ఇంగ్లండు నాయకుడుగా నియమింపబడలేదు. ఇరువదవ శతాబ్దమున జీతగాడైన ఆటగాడు ఆ పదవికి వచ్చుట 1952 లో లెన్ హటన్‌గారితో మొదలు. ఆ భేదము రద్దగుట 1962 లో. కావున డబ్బును వంశమును గలవాడే నాయకుడని మనదేశపు రాజులు తలచుటలో వింతలేదు.

అయినను వేరు మార్గము చూపినవారు అప్పుడే యుండిరి. 1932 లో ఇంగ్లండునకు వెళ్లిన జట్టునకు పోరుబందరు మహారాజుగారు నాయకులు. ఆటలో తమ శక్తి యెంతయో వారెరుగుదురు. జూను 25 వ తేదీన లార్డ్సు మైదానమున భారతదేశపు మొదటి టెస్టు పందెము ప్రారంభమగునప్పుడు వారు తప్పుకొని, కొఠారి కనకయ్య నాయుడుగారికి స్థానమిచ్చిరి. నాయుడుగారు నాగపురమున పుట్టిన తెలుగువారు. అప్పటి మన ఆటగాండ్రలో అగ్రగణ్యులు. ఒక మహారాజు పక్కకు తొలగుటచేత ఒక తెలుగువాడు దేశమునకు మొదటి నాయకుడయ్యెను.

1936 లో మరల ఇంగ్లండు ప్రయాణము వచ్చెను. పటౌడీ నవాబుగారు అనారోగ్యముచే తప్పుకొనగా, విజ్జీగారు నాయకులుగా ఎన్నుకొనబడిరి. నాయుడుగారు వారిక్రింద ఆడవలసివచ్చెను. జట్టులో పక్షము లేర్పడెను. ఆ పర్యటనమున ఎసెక్సు జట్టుపై ఒకే పందెమున రెండు శతకములు కొట్టిన లాలా అమరనాథుగారిని, క్రమశిక్షణ తప్పెనను నేరము మోపి, మొదటి టెస్టునకు పూర్వమే ఓడయెక్కించి ఇంటికి పంపివైచిరి. మూడు టెస్టులలో రెంటిని మనవారు ఓడిపోయిరి. విజ్జీగారు ఆరుసార్లు బ్యాటు పట్టి మొత్తము 33 పరుగులు చేసిరి. ఆ వేసవిలోనే వారికి సర్ బిరుదము లభించెను. పిదప బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమంటుగారి సంఘము విచారణ జరిపి, 1937 జనవరిలో తన నివేదిక నిచ్చెను. అమరనాథుగారు నిర్దోషియని తేలెను. నాయకత్వము సరిగా సాగలేదని సంఘము విమర్శించెను.

ఆశ్చర్యమేమనగా, ఓటమి కాని ఆ ఒక్క టెస్టులోనే ఈ జీవితపు రెండు పుటలును ఎదురెదురుగా నిలిచినవి. మాంచెస్టరున జరిగిన రెండవ టెస్టులో ముస్తాక్ అలీగారును విజయ మర్చంటుగారును మొదటి వికెట్టునకు 203 పరుగులు చేసి, పోవుచున్న పందెమును నిలిపిరి. ముస్తాక్ అలీగారి 112 పరుగులు విదేశమున భారతీయుడు చేసిన మొదటి టెస్టు శతకము. కాశీకి రప్పించి విజ్జీగారు తీర్చిన బాలుడే యతడు. ఆ దినమున గజపతిరాజుగారికి నిజమైన ఘనత వచ్చినది నాయకుని స్థానమున కాదు. ఒక పాఠశాల బాలునిపై వెచ్చించిన ధనమున. తమ కాతాలో ఏ పద్దు లాభమో, ఏ పద్దు నష్టమో ఆనాడే వారికి స్పష్టమైయుండిన యెడల ఎంత బాగుండెడిది!

తరువాతి జీవితమున ఆ వివేకము కొంత కనబడుచున్నది. 1947 లో వారు ఆంగ్లప్రభుత్వ మిచ్చిన సర్ బిరుదమును విడిచిపెట్టిరి. 1954 నుండి 1956 వరకు భారత క్రికెట్టు బోర్డునకు అధ్యక్షులుగా నుండిరి. ఉత్తరప్రదేశమున క్రికెట్టు పెంపునకు పాటుపడిరి. అన్నిటికంటె మాకు నచ్చినది, నాయుడుగారిని ఆ రాష్ట్రపు జట్టునకు పిలిపించుట. 1956-57 లో అరువదియొక్క సంవత్సరములు నిండిన నాయుడుగారు రంజీ పందెములలో ఆ జట్టునకు ఆడిరి. ఒకనాడు ఎవరి ముందు తాము నాయకులై నిలిచిరో, వారికే విజ్జీగారు మైదానమును అప్పగించి తాము వెలుపల నుండిరి. 1958 లో భారతప్రభుత్వము వీరిని పద్మభూషణముతో గౌరవించెను. రేడియోలో ఆటను వర్ణించువారుగకూడ వీరి కంఠము ప్రసిద్ధి గాంచెను. విశాఖపట్టణమునుండి లోకసభకు ఎన్నికైరి. 1965 డిసెంబరు 2 వ తేదీన కాశీలో దివంగతులైరి. విశ్వవిద్యాలయముల మండలజట్లు ఆడు పందెములకు విజ్జీ ట్రోఫీ యని వీరి పేరే పెట్టబడినది. విద్యార్థులు ఆడు ఆటకు వారి పేరు నిలుచుట సముచితమే. వారి ధనము ఎక్కువ ఫలించినది విద్యార్థియందే గదా.

వారిని గూర్చి హాస్యకథలనేకము ప్రచారమందున్నవి. నిజమెంతయో నిర్ణయింపరాని మాటలను చచ్చినవారిపై మోపుట ధర్మము కాదు గనుక వానిని వదలితిమి. తేలిన విషయములే మనకు చాలిన పాఠము చెప్పుచున్నవి.

మండపేట రాజసంస్థానము కాదు. ఇచ్చట వరిచేలును, ధాన్యపు మిల్లులును, కష్టించి సంపాదించిన సొమ్మును కలవు. అయినను మన పాఠశాల మైదానమునకుకూడ పోషకులు కావలయును. బంతి కావలెను, గోలుకఱ్ఱలు కావలెను, పొరుగూరి పందెమునకు పోవు బాలురకు బండిఖర్చులు కావలెను. పిల్లలు చెల్లించు ఆటరుసుము చాలనప్పుడు దాతలు తలుపు తెరచుచుందురు. వారికి మేము కృతజ్ఞులము. కాని బంతి కొన్న పెద్దమనిషి కుమారుడు నాయకుడు కావలెనను మాట ఏ ఊరనైనను పుట్టవచ్చును. ఆ మాట పుట్టిననాడు జట్టుకు ఒక బంతి దొరకి, జట్టు పోవును. కూలివాని కుమారుడు బాగుగా ఆడుచు పక్కన కూర్చుండవలసివచ్చిన యెడల, వానికి కలుగు నష్టమును ఏ విరాళమును తీర్పజాలదు.

కావున తల్లిదండ్రులారా, ఇచ్చువారు పోరుబందరు మహారాజుగారివలె ఇచ్చి తొలగుడు. విద్యార్థులారా, పుచ్చుకొనువారు హాబ్సుగారివలె పుచ్చుకొనుడు. జీతమునకు ఆట నిండు, మనస్సాక్షి నీయకుడు. నాయకుని ఎన్నుకొనునప్పుడు మేము ఉపాధ్యాయులము బంతి యెవరిదని యడుగము. ఎవడు బాగుగా ఆడుచు పదిమందిని ఆడించునని మాత్రమే చూతుము. ఈ నియమమును మేము తప్పిన యెడల మమ్ము హెచ్చరించు అధికారము మీకు కలదు.