నౌకరీకీ కూలికీ మధ్య: శంకర్ గుహా నియోగి జీవితం

శంకర్ అన్నది ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. 1943 ఫిబ్రవరి 14న ఒక బెంగాలీ కుటుంబంలో పుట్టినప్పుడు ఆయన ధీరేశ్. శంకర్ అన్న పేరు తర్వాత వచ్చింది. పోలీసుల కంటబడకుండా ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో తిరుగుతున్న రోజుల్లో పెట్టుకున్నది. దాక్కోవడానికి ఎంచుకున్న ఆ పేరుతోనే చివరికి వేల మంది గని కార్మికులు ఆయన్ని తమవాడిగా గుర్తుపట్టారు.

గుర్తింపు అన్న మాటను తెలుగులో మనం చాలా పనులకు వాడతాం. గేటు దగ్గర చూపించే కార్డు గుర్తింపు కార్డు. యాజమాన్యం మాట్లాడే సంఘం గుర్తింపు సంఘం. మనిషి తానెవరని అనుకుంటాడో అది కూడా గుర్తింపే. మొదటి రెండూ పైనుంచి ఎవరో ఇచ్చేవి, మూడోది మనిషి కూడగట్టుకునేది. నియోగి జీవితమంతా ఈ రెండు రకాల మధ్య జరిగిన తగాదా.

భిలాయ్ ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955లో కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచీ జనం ఆ ఊరికి చేరారు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఇప్పటికీ తక్కువేం కాదు. బాల్యం అస్సాంలో గడిచిన ధీరేశ్ కూడా 1960ల మొదట్లో అలాగే వచ్చాడు. శిక్షణ పూర్తిచేసి కోక్ ఓవెన్ విభాగంలో చేరాడు. పని చేస్తూనే దుర్గ్‌లో సైన్స్ డిగ్రీ చదువు, దాంతోపాటే విద్యార్థి రాజకీయాలు, కార్మిక సంఘం పని. కోక్ ఓవెన్ అంటే ఏమిటో విశాఖ ఉక్కులో పనిచేసిన వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కర్మాగారం మొత్తంలో వేడీ దుమ్మూ బాగా ఎక్కువగా ఉండే చోట్లలో అది ఒకటి.

1960ల చివర్లో ఉద్యోగం పోయింది. అవి నక్సల్బరీ, శ్రీకాకుళం పేర్లు దేశమంతా మార్మోగుతున్న రోజులు. ఆయనా ఆ రాజకీయాల వైపు వెళ్లాడు, కొంతకాలానికే వాళ్లతో తెగిపోయింది. తర్వాత కొన్నేళ్లు అజ్ఞాతం. మేకలు అమ్మాడు, చేపలు పట్టాడు, రోడ్డు పనుల్లో కూలి చేశాడు. చివరికి దానీటోలా క్వార్ట్‌జైట్ గనిలో రాళ్లు కొట్టే పనికి కుదిరాడు. అక్కడే తోటి కార్మికురాలు ఆశాను పెళ్లి చేసుకున్నాడు. ఛత్తీస్‌గఢీ మాట్లాడటం, ఆ తిండి తినడం, ఆ కూలితోనే ఇల్లు గడపడం మొదట మారువేషంగా మొదలై ఉండొచ్చు. ఎప్పుడు మారువేషం పోయి అదే ఆయన బతుకయిందో గీత గీసి చెప్పడం కష్టం. ఎమర్జెన్సీలో మీసా చట్టం కింద జైలుకు వెళ్లేనాటికి మాత్రం ఆ మార్పు పూర్తయినట్టే కనిపిస్తుంది.

భిలాయ్‌కి దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న దల్లీ-రాజహరా గనుల నుంచి కర్మాగారానికి ఇనుప ఖనిజం వచ్చేది. ఒకే కొండ మీద రెండు రకాల కార్మికులు ఉండేవారు. కంపెనీ చిట్టాలో పేరున్న శాశ్వత ఉద్యోగులు ఒకరకం. కాంట్రాక్టర్ల కింద చేత్తో రాయి కొట్టి లారీలకెత్తే వాళ్లు రెండోరకం. వీళ్లలో ఎక్కువమంది ఆదివాసులూ దళితులూ వెనుకబడిన కులాలవాళ్లూ. సగానికి సగం ఆడవాళ్లు. బోనస్ ఒప్పందంలో మొదటివాళ్లకు 308 రూపాయలు, రెండోవాళ్లకు 70 రూపాయలు అని సంఘాలు సంతకాలు పెట్టడంతో 1977 మార్చిలో కాంట్రాక్టు కార్మికులు ఆ సంఘాలను వదిలి బయటికొచ్చేశారు. నాయకుడి కోసం వెతుకుతూ, అప్పుడే జైలు నుంచి విడుదలైన దానీటోలా కూలి మనిషిని తీసుకొచ్చుకున్నారు. ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ పుట్టింది అలా.

భిలాయ్ మీద దశాబ్దాలు పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త జొనాథన్ పారీ, 2020లో వచ్చిన తన పుస్తకం క్లాసెస్ ఆఫ్ లేబర్‌లో ఈ తేడా చుట్టూనే వాదన అల్లారు. అక్కడి జనం మాటల్లో నౌకరీ వేరు, కామ్ వేరు. తెలుగులో ఉద్యోగం, కూలిపని అన్నట్టు. నౌకరీ ఉన్నవాడికి క్వార్టర్, ఆసుపత్రి, పిల్లలకు టౌన్‌షిప్ బడి. కూలివాడికి ఆ రోజు కూలి. పారీ దృష్టిలో వీళ్లు ఒకే వర్గంలోని రెండు అంతస్తులు కారు, దాదాపు రెండు వర్గాలు. నియోగికి ఈ విషయం సిద్ధాంతంగా కాదు, రెండువైపులా పనిచేసిన అనుభవంగా తెలుసు.

వానలకు ముందు గుడిసెలు బాగుచేసుకోవడానికి భత్యం ఇవ్వాలన్నది కొత్త సంఘం తొలి డిమాండ్లలో ఒకటి. 1977 జూన్ 2 రాత్రి పోలీసులు నియోగిని పట్టుకెళ్లారు. ఆయన్ని విడిచిపెట్టాలని కార్మికులు పట్టుబట్టారు. ఆ రాత్రీ మర్నాడూ జరిగిన కాల్పుల్లో 11 మంది చనిపోయారు. వాళ్లలో అనసూయా బాయి అనే కార్మికురాలు, సుదామా అనే పిల్లవాడు కూడా ఉన్నారు. సమ్మె ఆగలేదు. తర్వాతి సంవత్సరాల్లో కూలి రేట్లు పలు రెట్లు పెరిగాయి.

కూలి పెరిగాక డబ్బు సారా దుకాణానికి పోతోందని సంఘం గమనించింది. ఇక్కడి నుంచి నియోగి మామూలు యూనియన్ నాయకుల దారి వదిలేశాడు. సంఘంలో 17 విభాగాలు ఏర్పడ్డాయి. మద్యం మానిపించడం, ఆరోగ్యం, చదువు, ఆటలు, పాటలు, అన్నీ యూనియన్ పనులే అయ్యాయి. కాల్పుల్లో పోయినవాళ్ల పేరిట కార్మికులు తమ చందాలతో, తమ శ్రమతో కట్టుకున్న షహీద్ ఆసుపత్రి 1983లో మొదలైంది. టౌన్‌షిప్ బడి గేటు దాటలేని పిల్లలకోసం ప్రాథమిక పాఠశాలలు పెట్టారు. నిజానికి బడి పెట్టాల్సింది ప్రభుత్వమూ కంపెనీయేనన్న ఒత్తిడి కూడా అందులో ఉంది.

బడి కన్నా లోతైన చదువు మరోచోట జరిగింది. సోనాఖాన్ జమీందారు, బింఝ్వార్ ఆదివాసీ నారాయణ్ సింగ్ 1856 కరువులో ఒక వ్యాపారి ధాన్యపు కొట్టును తెరిపించి జనానికి పంచాడు. 1857 డిసెంబరు 10న బ్రిటిష్ వాళ్లు రాయ్‌పూర్‌లో ఆయన్ని ఉరితీశారు. పాఠ్యపుస్తకాలకు పట్టని ఆ కథను నియోగి వెతికి తీశాడు, రాశాడు, ఏటా డిసెంబరులో ఊరేగింపులతో జరిపించాడు. నయా అంజోర్ కళాబృందం దాన్ని పాటల్లోకి ఎక్కించింది. అప్పటిదాకా ఛత్తీస్‌గఢియా అంటే బయటివాళ్ల నోట వెనుకబాటుకు పర్యాయపదం. ఆ మాటను అవమానం నుంచి బయటికి లాగడం కూడా కార్మికోద్యమం పనేనని ఆయన అనుకున్నాడు. కాకపోతే ఛత్తీస్‌గఢియా ఎవరన్న ప్రశ్నకు ఆయన జవాబు పుట్టుక కాదు, శ్రమ. ఇక్కడ చెమటోడ్చేవాడు ఇక్కడివాడే, దోచుకునేవాడు ఇక్కడ పుట్టినా పరాయివాడే. తెలుగు, బెంగాలీ, మలయాళీ, భోజ్‌పురి కార్మికులు స్థానికులతో ఉద్యోగాల కోసం పోటీపడే భిలాయ్‌లో ఈ నిర్వచనం చాలా అవసరం. ఆ నిర్వచనం లేకపోతే నియోగి కూడా బయటివాడే మరి.

విద్యా పరిశోధనలో ఈ ప్రశ్నలు గట్టిగా వినపడింది ఆ తర్వాతే. అమెరికన్ పండితుడు జేమ్స్ పాల్ జీ 2000 ప్రాంతంలో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో గుర్తింపు నాలుగు దారుల్లో వస్తుందన్నారు. పుట్టుక నుంచి, సంస్థ ఇచ్చిన హోదా నుంచి, ఇతరులు మన గురించి మాట్లాడే తీరు నుంచి, మనం ఇష్టపడి చేరిన బృందపు పనుల నుంచి. కాంట్రాక్టు కూలి అన్నది సంస్థ అంటించిన చీటీ. షహీద్ ఆసుపత్రికి ఇటుకలు మోసిన మనిషికి దొరికింది నాలుగో రకం. మన దేశంలో ఈ సంగతిని దగ్గర్నుంచి చూసినవారు అనిల్ సద్గోపాల్. హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో ముందున్న ఈ విద్యావేత్త, తర్వాత ఢిల్లీ విశ్వవిద్యాలయ విద్యా విభాగానికి డీన్‌గా పనిచేశారు. నియోగి ఉద్యమం మీద సంఘర్ష్ ఔర్ నిర్మాణ్ అనే హిందీ గ్రంథానికి ఆయన ఒక సంపాదకుడు. ఒక విద్యావేత్త కార్మిక నాయకుడి దగ్గరికి వెళ్లి నేర్చుకున్నాడంటే, అక్కడ చదువు బడి గోడలు దాటిందనే లెక్క.

లోటుపాట్లు లేకపోలేదు. శ్రామిక్ సంఘ్ ఎంత పెద్దదైనా నిర్ణయాల బరువు ఎక్కువగా ఒక్క మనిషి మీదే పడేది. ఆయన పోయాక ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా చీలికలు చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

1990లో నియోగి తిరిగి భిలాయ్‌కి వచ్చాడు. ఈసారి ఉక్కు కర్మాగారం లోపలికి కాదు, దాని చుట్టూ పెరిగిన ప్రైవేటు ఇంజనీరింగ్ పరిశ్రమల్లోకి. ఏళ్ల తరబడి పనిచేస్తున్నా తమ పేరు ఏ రిజిస్టర్‌లోనూ లేని కార్మికులు అక్కడ వేలల్లో ఉన్నారు. పనిచేస్తున్నట్టు రాతపూర్వక గుర్తింపు, శాశ్వత ఉద్యోగం, బతకడానికి సరిపడే వేతనం అడిగారు. సంఘంలో చేరినవాళ్లను పనిలోంచి తీసేశారు, దాడులు జరిగాయి, నియోగిని జిల్లాల నుంచి బహిష్కరించే ప్రయత్నమూ జరిగింది. 1991 సెప్టెంబరులో ఆయన కార్మికులను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ఆర్. వెంకటరామన్‌కు పరిస్థితి వివరించాడు. తన ప్రాణానికి ముప్పుందని తెలిసి ఒక టేపులో మాటలు రికార్డు చేసి పెట్టాడు.

సెప్టెంబరు 28 తెల్లవారుజామున భిలాయ్ హడ్కో కాలనీలోని ఇంట్లో నిద్రలో ఉండగా కిటికీలోంచి కాల్చి చంపారు. వయసు 48. ఎరుపు-ఆకుపచ్చ జెండా కప్పి దల్లీ-రాజహరాలో అంత్యక్రియలు చేశారు. మరుసటి ఏడాది జులై 1న, అవే డిమాండ్లతో భిలాయ్‌లో రైలు పట్టాల మీద కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. 16 మంది చనిపోయారు.

హత్య కేసులో దుర్గ్ కోర్టు 1997లో కాల్చిన పల్టన్ మల్లాకు ఉరిశిక్ష, ఇద్దరు పారిశ్రామికవేత్తలతో సహా అయిదుగురికి యావజ్జీవం విధించింది. మరుసటి ఏడాది హైకోర్టు అందర్నీ వదిలేసింది. 2005 జనవరిలో సుప్రీంకోర్టు పల్టన్ మల్లా ఒక్కడికే యావజ్జీవం ఖరారు చేసి, మిగతావారి విడుదలను సమర్థించింది. డబ్బిచ్చి చంపించింది ఎవరన్నది న్యాయస్థానం రికార్డుల్లో తేలలేదు. నారాయణ్ సింగ్ పేరు మాత్రం ఇప్పుడు రాయ్‌పూర్ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం మీద ఉంది.